అమ్రాబాదు చలి, లక్ష్మీదేవమ్మ పాదాలు

మహబూబ్‌నగరు జిల్లా నాగర్‌కర్నూలు కసబా నివాసి, కీర్తిశేషులు సాయన్న గారి భార్య లక్ష్మీదేవమ్మ అను నేను, నా పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ ఎవరి బతిమాలటమూ లేకుండా, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఏ విధంగా చేరాలో నిర్ణయించి వ్రాయించుకుంటున్న ఏర్పాటు ఇది. మావారి పేరు నేను ఏనాడూ నోటితో పలకలేదు. దస్తావేజు కనుక ఇక్కడ ఒక్కసారి వ్రాయించాను. ఇకమీదట "మావారు" అనే ఉంటుంది.

నా బుద్ధి నిలకడగా ఉంది. కళ్ళు సూదిలో దారం ఎక్కించేంత బాగున్నాయి. నోటి సంగతి ఊరందరికీ తెలుసు. శరీరంలో లోపమల్లా ఒక్కటే. కార్తీకం నుండి మాఘం దాకా నా పాదాలు చల్లగా ఉంటాయి. ఇది వీలునామాలో ఎందుకని గుమాస్తా కలం ఆపి అడిగాడు. నాలుగవ అంశం దాకా ఓపిక పట్టమని చెప్పాను.

ఇందులో చెప్పిన ఆస్తి అంతా నా స్త్రీధనం, మావారు బతికుండగా నా పేర వ్రాసి ఇచ్చినది. ఇందులో పాలివారికి హక్కు లేదు. నాకు సంతానం లేదు. మిగతా కాగితాలన్నీ ఉర్దూలో ఉన్నా ఇది మాత్రం తెలుగులోనే ఉండాలని పట్టుబట్టాను. నేను చదవలేని కాగితం కింద నా సంతకం ఉండటం నాకు ఇష్టం లేదు.

1. నాగర్‌కర్నూలులో నేను కాపురమున్న ఇల్లు, పెరడు, పెరట్లోని మోటారు కొట్టంతో సహా నా మేనకోడలు పుష్పమ్మకు చెందాలి. ఈమె గద్వాలలో మా అన్నగారి కూతురు. నన్ను చూసి పోదామని వచ్చి, నా వంటింటి పెత్తనం పుచ్చుకుని ఇక్కడే ఉండిపోయింది. ఉప్పు తక్కువ వేస్తుందన్న ఒక్క ఫిర్యాదు తప్ప ఆమె మీద నాకు ఏమీ లేదు. నా గద్వాల చీరలన్నీ కూడా ఆమెవే. నెమలికంఠం రంగు చీర మాత్రం పెట్టెలో దాచకుండా కట్టుకోవాలి. నేను దాచి దాచి మడతల దగ్గర చిల్లులు పడనిచ్చాను.

2. అమ్రాబాదులోని మెట్ట భూమి, అందులోని బావి, నా మరిది కొడుకు దశరథానికి చెందాలి. ఆ భూమిని దున్నుతున్నది వాడే. జొన్నలు పండినా పండకపోయినా ఏటా నాకు కొత్త జొన్నల బస్తా పంపడం వాడు మరువలేదు. మొండివాడు, కానీ చేతికి ఎముక లేనివాడు.

3. నా ఇనుప కుంపటి పక్కింటి ఈరమ్మకు ఇవ్వాలి. మావారు పోయాక నేను మొదటిసారి మోటారెక్కినప్పుడు, ముండమోసినామె కుంపటి మీద కూర్చుని ఊరేగుతున్నదని ఆమె పదిమందిలో అన్నది. ఆ మాట నేను మరిచిపోలేదని ఆమెకు తెలియాలి. అయితే నా రెండు చేతులూ వాచి మంచాన పడ్డప్పుడు రోజూ జావ కాచి తెచ్చినదీ ఆమే కనుక, కుంపటితో పాటు నా కంచు గిన్నెలు కూడా ఇవ్వాలి.

4. మోటారు సంగతి. ఇది కొంచెం పొడుగు.

ఈ మోటారు అమెరికాది. అడవి పనుల మీద వచ్చిన దొర ఒకడు తన దేశం వెళ్ళిపోతూ మావారికి అమ్మాడు. ముందు సీటులో, కాళ్ళకు ఎదురుగా, జాలీ మూత ఉన్న ఒక పెట్టె ఉంది. దొర దాన్ని హీటరు అన్నాడు. ఇంజనులో కాగిన నీళ్ళు రబ్బరు గొట్టంలో ఆ పెట్టెలోకి వచ్చి, ఇంకో గొట్టంలో తిరిగి పోతాయి. పెట్టె వెనుక చిన్న ఫ్యాను తిరిగి ఆ వేడిని మన మీదికి తోస్తుంది. మేలో నిప్పులు కురిసే ఈ సీమలో మోటారులో వేడి పెట్టె ఏమిటని నాగర్‌కర్నూలంతా వచ్చి చూసి నవ్వింది. మావారు కూడా నవ్వారు. ఆ పుష్యమాసంలో మేమిద్దరం అమ్రాబాదు నుండి తెల్లవారి దిగి వచ్చినప్పుడు నా పాదాలు మొదటిసారి చలికాలంలో వెచ్చగా ఉన్నాయి. అప్పటి నుండి ఎవరు నవ్వినా నేను పట్టించుకోలేదు.

అమ్రాబాదు గుట్టల పైన ఉంది. కింద మనకు చలి అంటే తెల్లవారి దుప్పటి లాక్కోవడమే, అక్కడి చలి ఎముకలు కొరుకుతుంది. ఆ గుట్టల మీద కష్టమైన కాన్పు వస్తే మన్ననూరు ఘాటు దిగి నాగర్‌కర్నూలు దవాఖానకు రావాలి. మావారు ఉన్నప్పుడే చలికాలంలో మా మోటారు ఆ పనికి పోవడం మొదలైంది. డ్రైవరు బషీర్ ఎన్ని కాన్పులకు పోయాడో లెక్క పెట్టలేదు. దవాఖానకు పోయేది ఒక్కరు, తిరిగి వచ్చేది ఇద్దరు, మోటారుకు ఇంతకంటే మంచి పని ఇంకేముంటుందని వాడు అంటాడు.

తర్వాత యుద్ధం వచ్చి పెట్రోలు దొరకలేదు. మోటారు కొట్టంలో ఇటుకల మీద నిలబడింది. యుద్ధం అయ్యాక బషీర్ మళ్ళీ దాన్ని నడిపించాడు, ఇంజను బాగానే పలికింది, కాని హీటరులోంచి వచ్చేది నోటితో ఊదినంత గాలి, అదీ చల్లనిది. కార్తీకంలో ఒక బాలింతను పైకి తీసుకుపోయారు. దారి పొడుగునా పిల్ల వణికిందట. ఆ మాట గుట్టల మీద పాకింది. ఆ తర్వాత ఇద్దరు గర్భిణులు మోటారు వద్దని ఎద్దుబండిలోనే దిగారు.

అప్పుడు దశరథం వచ్చి నాతో అన్న మాట ఇది: "పెద్దమ్మా, గొంగడి కప్పుకొని బండ్ల పోతే ఉండే వేడి గూడ గీ మోటర్ల లేదు. ఉత్తగ ఎందుకు పెట్టుకుంటవ్? ఇంజను నాకియ్యి, పిండి గిర్ని పెడ్త." వాడు అన్నది తప్పని నేను అనను. అమ్రాబాదులో గిర్ని లేదు, ఆడవాళ్ళు ఇంకా విసుర్రాయి తిప్పుతున్నారు. కాని ఇంజను విప్పితే ఇక మోటారు లేదు. పుష్పమ్మ, బషీర్ హీటరు బాగు చేస్తామన్నారు. ఎవరి మాటకు నేను ఒప్పుకోవాలో తేలలేదు.

అందుచేత నేను ఈ విధంగా నిర్ణయించాను. ఈ పుష్యమాసంలో నేను అమ్రాబాదు పోయి, తెల్లవారుజామున మోటారులో నాగర్‌కర్నూలుకు దిగుతాను. ఈ జిల్లాలో నా పాదాల కంటే చలి ఎరిగినవి లేవు. దిగేసరికి అవి వెచ్చగా ఉంటే మోటారు పుష్పమ్మది, చలికాలపు కాన్పులకు తిరుగుతుంది. చల్లగా ఉంటే మోటారు దశరథానిది, ఇంజను విప్పుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. మావారి స్నేహితుడు, బట్టల వ్యాపారి యూనుస్ సాహెబ్ ఎదుట ఒప్పుకున్నారు. నేను ఎటు మొగ్గుతానో అందరికీ తెలుసు, నా పాదాలు మాత్రం ఎవరి పక్షమూ కావు.

బాగు చేసిన విధం కూడా వ్రాయిస్తున్నాను. రేపు మళ్ళీ చెడితే ఎవరైనా ఇది చదివి బాగు చేసుకోవచ్చు.

బషీర్ మొదట ఫ్యానును అనుమానించాడు. విప్పి, దుమ్ము దులిపి, నూనె వేసి తిప్పాడు. గాలి జోరుగా వచ్చింది, నా చీర కొంగు లేచిపోయింది, చలి మాత్రం ఇంకా ఎక్కువైంది. అంటే లోపం గాలిలో లేదు, వేడిలో ఉంది. అప్పుడు పుష్పమ్మ ఇంజను నడుస్తుండగా రెండు రబ్బరు గొట్టాలూ చెరో చేత్తో పట్టుకుని చూసింది. "అత్తా, ఒకటి కాలుతున్నది, ఒకటి సల్లగున్నది. నీళ్ళు లోపట్నే ఆగుతున్నయ్," అన్నది. పెట్టె విప్పి తెస్తే దాని సన్నని గొట్టాల నిండా తెల్లటి సున్నపు పొర. మన బావుల ఉప్పునీళ్ళు పోసి పోసి, యుద్ధకాలమంతా అవి లోపలే ఎండిపోయి అట్లా అయింది. మన ఇంటి కాగులో పేరుకునే పొర కూడా ఇదే. కాగుకు ఏం చేస్తామో పెట్టెకూ అదే చేసింది పుష్పమ్మ, చింతపండు పులుసు బాగా మరిగించి పోసి, ఒక పూట నానబెట్టి, దులిపి కడిగింది. మొదట మజ్జిగలాంటి నీళ్ళు వచ్చాయి. మళ్ళీ మళ్ళీ పోసింది. ఆ వారం మా ఇంట్లో చారు లేదు, చింతపండంతా మోటారు తాగింది.

ఇప్పుడు రెండు గొట్టాలూ ఒకే తీరుగా ఉన్నాయి, కాని రెండూ గోరువెచ్చనే. బషీర్ మోటారును తెల్కపల్లి దాకా తోలి తెచ్చి, ఇంజను నీళ్ళను చల్లార్చే రేడియేటరు మీద అరచేయి పెట్టాడు. పెట్టి అట్లాగే ఉంచాడు. అంత దూరం నడిచి వచ్చిన ఇంజనైతే చేయి కాలాలి. ఇంజనే కాగకపోతే హీటరుకు వేడి ఎక్కడి నుండి వస్తుందని పుష్పమ్మ అడిగింది. బషీర్ చేయి తీసి, గడ్డం గోక్కుని, నా వైపు చూడకుండా ఇంటికి పోయాడు.

ఇంజను పైగొట్టంలో ఒక ఇత్తడి మూత ఉంటుందట. ఇంజను చల్లగా ఉన్నంతసేపు అది మూసుకుని నీళ్ళను రేడియేటరుకు పోనివ్వదు, బాగా కాగాక తెరుచుకుంటుంది. "అమ్మా, మన ఎండలకు గది అడ్డమని ఈడ డ్రైవర్లందరు తీసేస్తరు. బండి ఆగిపోయే ముందటి ఎండకాలంల నేను గూడ తీసేసిన," అని బషీర్ తిరిగి వచ్చి చెప్పాడు. ఎండాకాలంలో ఇంజను పొంగకుండా చేసిన ఏర్పాటు చలికాలంలో హీటరును చంపింది. ఆ మూత ఎక్కడుందంటే, బషీర్ భార్య రజియాబీ దాన్ని చిలుక పంజరంలో వేలాడదీసింది. మెరుస్తుందని చిలుక దాన్ని ఏళ్ళ తరబడి ముక్కుతో పొడుస్తూ ఆడుకుంటున్నది.

చిలుక పొడిచిన మూత పనిచేస్తుందా అని అందరికీ అనుమానం. గిన్నెలో నీళ్ళు పోసి, మూతను దారంతో లోపలికి దించి, పొయ్యి మీద పెట్టాము. ఇంటిల్లిపాదీ గిన్నె చుట్టూ చేరాము, పక్కింటి ఈరమ్మ కూడా గోడ దగ్గరకు వచ్చింది. నీళ్ళు గోరువెచ్చనైనప్పుడు మూత కదలలేదు. సలసల కాగుతుండగా మెల్లగా నోరు తెరిచింది. బయటికి తీస్తే మళ్ళీ మూసుకుంది. నేను చప్పట్లు కొట్టాను, ఈ వయసులో. బషీర్ దాన్ని మళ్ళీ దాని చోట బిగించాడు.

ఇంతవరకు మార్గశిరంలో వ్రాయించాను. నాలుగవ అంశం చివర ఎవరి పేరు ఉండాలో గుట్ట దిగాక తేలుతుంది కనుక ఇక్కడ గుమాస్తాను ఇంటికి పంపాను.

ఇక్కడి నుండి పుష్యమాసంలో వ్రాయించినది.

అనుకున్న ప్రకారం నేను, పుష్పమ్మ, బషీర్ అమ్రాబాదు పోయి దశరథం ఇంట్లో దిగాము. దశరథం భార్య జములమ్మకు నెలలు ఇంకా నిండలేదు. తెల్లవారుజామున ప్రయాణానికి లేచేసరికి ఇల్లంతా హడావిడిగా ఉంది. జములమ్మకు ముందుగానే ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని భాగ్యమ్మ పిల్లను నాకు చూపించింది. నా అరచేతిలో పట్టేంత పిల్ల. ఏడుపు కూడా సరిగా లేదు. ఈ పిల్లను వెచ్చగా ఉంచి దవాఖానకు చేర్చాలి, బండిలో పోతే దక్కదని భాగ్యమ్మ చెప్పింది. దశరథం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మొండివాడి ముఖంలో అట్లాంటి భయం నేను ఎన్నడూ చూడలేదు. నాకూ భయం వేసింది, దాచను.

హీటరు ముందు సీటుకే. అక్కడ నేను కూర్చోవలసిన చోట జములమ్మను, పిల్లను కూర్చోబెట్టి, పక్కన పుష్పమ్మను ఉంచాను. వెనుక నేను, భాగ్యమ్మ, దశరథం. మన్ననూరు దాకా పెట్టెలోంచి మంచి వేడి వచ్చింది. ఘాటు మొదట్లో బషీర్ మోటారు ఆపాడు. దిగుడులో ఇంజనుకు పని ఉండదు, ఎదురుగాలికి నీళ్ళు చల్లబడతాయి, రేడియేటరుకు ముందు ఏదైనా కప్పాలన్నాడు. వెతకడానికి సమయం లేదు. దశరథం కిందికి దూకి తన భుజం మీది గొంగడి తీసి రేడియేటరు ముందు సగానికి కట్టాడు. గొంగడి కప్పిన బండే నయమన్నవాడు తన గొంగడిని మోటారుకు కప్పి, ఒంటి మీద పంచె మాత్రమే మిగలగా వచ్చి కూర్చున్నాడు.

ఘాటంతా దిగేవరకు వాడు ముందుకు వంగి, సీటు మీదుగా చేయి చాపి, పెట్టె గాలి తగులుతున్నదా లేదా అని చూస్తూనే ఉన్నాడు. వాడి పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఒక్కసారే నోరు తెరిచాడు. "జర మెల్లగ తోలు బషీర్, పిల్ల పండుకున్నది," అన్నాడు. అచ్చంపేట దాటాక ఆ పిల్ల గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని మోటారులో ఉన్న అందరమూ నవ్వాము.

దవాఖానలో నర్సు పిల్లను విప్పి తాకి చూసి, వెచ్చగా ఉంది, బాగా తెచ్చారు అన్నది. తల్లీ పిల్లా క్షేమంగా ఉన్నారు. పిల్ల ఇప్పుడు ఇంటిల్లిపాదినీ నిద్రపోనివ్వడం లేదు.

ఆ ఉదయం దవాఖాన అరుగు మీద దశరథం నా దగ్గరకు వచ్చి, నా పాదాలు ఎట్లా ఉన్నాయని అడిగాడు. యూనుస్ సాహెబ్ ఎదుట అన్న మాట నేను తప్పలేను. వెనుక సీటుకు వేడి రాదు. నా పాదాలు రాళ్ళలాగా ఉన్నాయి, ఆ సంగతే చెప్పాను. పుష్పమ్మ తల దించుకుంది. బషీర్ అటు తిరిగి నిలబడ్డాడు.

"అట్లయితే మోటరు నాదే గద పెద్దమ్మా," అన్నాడు దశరథం. తనదేనని నా చేత ఒప్పించుకుని, "నాదైనంక దాని ఇంజను మీద ఎవ్వలు చెయ్యి పెట్టొద్దు. గిట్లనే రాపియ్యి," అన్నాడు. ఆ తర్వాత పంచె చెంగుతో ముఖం తుడుచుకున్నాడు. నేను కూడా తుడుచుకున్నాను.

కాబట్టి నాలుగవ అంశం ఈ విధంగా ముగుస్తుంది. మోటారు దశరథానికి చెందాలి. దాని ఇంజను గాని, హీటరు గాని విప్పి వేరే పనికి పెట్టే హక్కు వాడికి లేదు. ఇది వాడే కోరిన షరతు. మోటారు తాళం చెవి మాత్రం పుష్పమ్మకు చెందాలి. ఒకరు లేకుండా ఇంకొకరు మోటారు కదిలించలేరు, ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉండాలనే నా కోరిక. కార్తీకం నుండి మాఘం దాకా గుట్ట మీది కాన్పులకు, అడిగినవారు ఎవరైనా సరే, మోటారు పోవాలి.

5. నా పెద్ద ఇత్తడి గంగాళం పుష్పమ్మకు. అందులో వాననీళ్ళు పట్టి మోటారుకు మాత్రమే వాడాలి. బావినీళ్ళు పోసినవారికి ఈ ఇంట్లో అన్నం పెట్టకూడదు.

6. మావారి నల్ల గొంగడి దశరథానికి. వాడి గొంగడి ఘాటులో చినిగి, మోటారు నూనె పట్టి పాడైంది. మావారిది కప్పుకోవడానికి, చినిగినది మోటారుకు కట్టడానికి. తారుమారు చేయకూడదు.

7. పెరటి పక్కన బషీర్ కుటుంబం ఉంటున్న గదులు రజియాబీ పేర ఉండాలి. బషీర్ పేర పెట్టకపోవడానికి కారణం, వాడు ఏది పనికిరాదని తీసి ఎక్కడ పెడతాడో చెప్పలేము. ఈ మాటకు వాడే మొదట నవ్వాడు కనుక వ్రాయించాను. ఎండాకాలంలో ఆ ఇత్తడి మూత తీసినా నాకు అభ్యంతరం లేదు, దీపావళికి మళ్ళీ బిగించాలి.

8. రజియాబీ చిలుకకు నా పూజ గదిలోని చిన్న ఇత్తడి గంట. దాని ఆట వస్తువు మేము తీసుకున్నప్పటి నుండి అది నన్ను చూసి అరుస్తున్నది. దాని కోపం న్యాయమైనదే.

9. అమ్రాబాదులో పిండి గిర్ని పెట్టడానికి నా కాసుల పేరు అమ్మి వేరే ఇంజను కొనాలి. దశరథం అడిగింది తప్పు కాదని ముందే చెప్పాను. విసుర్రాయి తిప్పే ఆడవాళ్ళ భుజాలు కూడా నాకు ముఖ్యమే. ఈ సంగతి వాడికి ఇంకా చెప్పలేదు, ఇది చదివేటప్పుడు వాడి ముఖం చూడటానికి నేను ఉండను, అదొక్కటే నా విచారం.

10. ఈ ఏర్పాట్లు జరిపించే బాధ్యత యూనుస్ సాహెబ్‌ది. ఆయన ఒప్పుకున్నాడు. ఏదైనా తగాదా వస్తే ఆయన మాటే చివరి మాట.

11. నేను పోయిన రోజున మోటారును నా కోసం ఆపవద్దు. ఆనాడు గుట్ట మీద ఎక్కడైనా కాన్పు కబురు వస్తే దశరథం, పుష్పమ్మ ఇద్దరూ నన్ను వదిలి మోటారుతో పోవాలి, ఏడుపులు తర్వాత చూసుకోవచ్చు. నన్ను మోయడానికి నలుగురు చాలు. నా పాదాలు చల్లబడ్డాయని ఆ రోజు ఎవరూ కంగారు పడవలసిన పని లేదు.

పైన వ్రాసినదంతా చదివి వినిపించగా విని, నేను స్వయంగా మరొకసారి చదువుకుని, నా సమ్మతితో కింద చేవ్రాలు చేస్తున్నాను.

పార్థివ నామ సంవత్సర పుష్య బహుళ పంచమి, మంగళవారం, నాగర్‌కర్నూలు.

(చేవ్రాలు) లక్ష్మీదేవమ్మ

సాక్షులు:
బాబా, దవాఖాన కాంపౌండరు, నాగర్‌కర్నూలు (చేవ్రాలు)
భాగ్యమ్మ, మంత్రసాని, అమ్రాబాదు (ఎడమచేతి బొటనవేలి ముద్ర)

వ్రాసినవాడు: గుమాస్తా శేషగిరి